పీఎఫ్ చలానా చూడకుండా ఏజెన్సీ బిల్లు పాస్ చెయ్యకండి: ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల అధికారులకు, మేనేజ్‌మెంట్లకు బహిరంగ లేఖ

మున్సిపల్ కమిషనర్లకు, గవర్నమెంట్ హాస్పిటళ్ల సూపరింటెండెంట్లకు, కాలేజీ ప్రిన్సిపాళ్లకు, యూనివర్సిటీ రిజిస్ట్రార్లకు, సిమెంట్, ఫార్మా, స్టీల్ కంపెనీల ప్లాంట్ హెడ్లకు, హెచ్ఆర్ మేనేజర్లకు, అందరికీ నమస్తే.

నేను నల్గొండల ఒక చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడిపిస్త. పాన్ కార్డులు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు, కరెంటు బిల్లులు, జిరాక్సులు, వీటితోపాటు కొన్నేండ్ల నుంచి బాగా పెరిగిన పని ఏందంటే పీఎఫ్ పాస్‌బుక్ తీసిచ్చుడు. మీ దగ్గర అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టర్ కింద పనిచేసే స్వీపర్లు, సెక్యూరిటీ గార్డులు, పేషెంట్ కేర్ వాళ్లు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు, ప్లాంట్లల్ల లోడింగ్ చేసేటోళ్లు డ్యూటీ దిగినంక వచ్చి "అన్నా, నా పీఎఫ్ పడుతున్నదా లేదా జర చూడు" అని అడుగుతరు. చూసి చెప్పేది చాలాసార్లు మంచి మాట ఉండదు.

ఈ లేఖ ఏజెన్సీలకు రాయకుండా మీకు ఎందుకు రాస్తున్న అంటే, ఏజెన్సీ కట్టకపోతే ఆ పైసలు కట్టాల్సిన బాధ్యత చట్టం మీ మీదనే పెట్టింది. మీల కొందరికి ఈ సంగతి నిజంగనే తెల్వదు, టెండర్ అయిపోయింది వర్క్ ఆర్డర్ ఇచ్చినం ఇగ వర్కర్ల సంగతి ఏజెన్సీ చూసుకుంటది అనుకుంటరు. కొందరికి తెలుసు, అయినా అడిగేటోడు లేడు కాబట్టి నడుస్తున్నది.

1952 నాటి ఈపీఎఫ్ చట్టంల ఉద్యోగి అంటే ఎవరు అని రాసిన దగ్గరనే కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్నోళ్లను కూడా కలిపిన్రు. పీఎఫ్ స్కీమ్‌ల 30వ పేరా అయితే ఇంకా సాఫ్‌గ ఉంటది, నేరుగా పెట్టుకున్నోళ్లకే కాదు, కాంట్రాక్టర్ ద్వారా పనిచేసేటోళ్లకు కూడా వర్కర్‌ది, ఎంప్లాయర్‌ది రెండు వాటాలు, అడ్మిన్ చార్జీలతో సహా కట్టే బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌ది అని. ప్రిన్సిపల్ ఎంప్లాయర్ అంటే మీరే సార్, పని ఎవరి జాగల జరుగుతున్నదో ఎవరి కోసం జరుగుతున్నదో వాళ్లు. వర్కర్ల వైద్యం, జబ్బు సెలవు చూసే ఈఎస్ఐ చట్టం 1948ది, దాంట్ల 40వ సెక్షన్ కూడా ఇదే చెప్పింది, ముందు ప్రిన్సిపల్ ఎంప్లాయరే కట్టాలె, తర్వాత 41వ సెక్షన్ కింద కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలె. పీఎఫ్‌కు కూడా 8ఏ సెక్షన్ కింద కాంట్రాక్టర్ బిల్లుల నుంచి పట్టుకునే హక్కు మీకుంది. అంటే మీ జేబుల నుంచి పెట్టమని ఎవరూ అంటలేరు, కాంట్రాక్టర్‌కు ఇచ్చే పైసల నుంచే పట్టుకుని వర్కర్ ఖాతాల వేయమంటున్నరు, గంతే.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయి కదా, పాతవన్నీ పోయినయి అని ఒక ప్లాంట్ హెచ్ఆర్ ఆయన మా కస్టమర్‌తోని అన్నడట. కట్టే బాధ్యత ఏం పోలేదు. సోషల్ సెక్యూరిటీ కోడ్‌ల కూడా కాంట్రాక్టర్ వర్కర్ల కోసం ఎంప్లాయర్ కట్టుడు, కాంట్రాక్టర్ దగ్గర మళ్ల వసూలు చేసుకునుడు అట్లనే ఉన్నయి. కాంట్రాక్ట్ లేబర్ లైసెన్స్ రూల్స్ 20 మంది నుంచి 50 మందికి పెంచిన్రు, అది వేరే ముచ్చట, దానికీ పీఎఫ్‌కూ ముడిపెట్టి వర్కర్లను భయపెట్టకండి.

ఇప్పుడు పాస్‌బుక్‌ల ఏం కనిపిస్తదో చెప్తా, ఎందుకంటే మీల చాలామంది మీ వర్కర్ పాస్‌బుక్ ఒక్కసారి కూడా చూసి ఉండరు. 15,000 జీతం మీద కరెక్టుగా కడితే ఒక నెల లైన్ ఇట్ల ఉంటది: ఉద్యోగి వాటా 1,800, ఎంప్లాయర్ వాటా 550, పెన్షన్ వాటా 1,250. ఎంప్లాయర్ కట్టే 12 శాతంల 8.33 శాతం పెన్షన్‌కు పోతది, మిగిలింది పీఎఫ్‌ల పడతది. ఈ మూడు అంకెలు ప్రతి నెలా వరుసగ ఉంటే ఆ ఏజెన్సీ మంచిది అని అర్థం. అట్లాంటివి లేవని నేను అనను, ఉన్నయి, వాళ్ల వర్కర్లు నా దగ్గరికి వచ్చేది ఇల్లు కట్టుకునేటప్పుడో బిడ్డ పెండ్లికో అడ్వాన్స్ పెట్టుకోనీకి మాత్రమే.

మిగిలినోళ్ల పాస్‌బుక్ వేరే తీరు ఉంటది. ఈ మధ్య ఒకామె వచ్చింది, పేరు చెప్పను, ఉమ్మడి జిల్లాల ఒక పెద్ద హాస్పిటల్‌ల శానిటేషన్ పని, రాత్రి డ్యూటీలు ఎక్కువ. చేతుల చిన్న ఫోను, ఫోను కవర్ల యూఏఎన్, అంటే మనిషికి ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబర్ రాసుకున్న చిట్టీ. ఓటీపీ కొట్టి తెరిస్తే ఏప్రిల్ ఉంది, మే ఉంది, తర్వాత ఐదు నెలలు ఖాళీ, మళ్ల రెండు నెలలు ఉంది, మళ్ల ఖాళీ. ఉన్న నెలల్ల కూడా 1,800 లేదు, 800 చిల్లర ఉంది. "నేను నాగాలు పెట్టలేదు అన్నా, పండుగ నాడు కూడా పోయిన" అన్నదామె. ఏం జరిగిందో నాకు అర్థమైంది, మీకు కూడా అర్థం కావాలె కాబట్టి వివరంగ చెప్తా.

ఏజెన్సీ ప్రతి నెలా పీఎఫ్ ఆఫీసుకు ఆన్‌లైన్‌ల ఈసీఆర్ అని ఒక ఫైల్ అప్‌లోడ్ చేస్తది. దాంట్ల ఒక్కొక్క వర్కర్ పేరు, జీతం, వాటాలు ఉంటయి, వాటితోపాటు ఎన్‌సీపీ డేస్ అని ఒక కాలమ్ ఉంటది, అంటే జీతం లేని రోజులు. 26 రోజులు పనిచేసిన మనిషికి ఆ కాలమ్‌ల 14 అని కొడితే ఆమె 12 రోజులే పని చేసినట్టు, జీతం సగమే ఇచ్చినట్టు, పీఎఫ్ సగమే కట్టినట్టు. మీ హాస్పిటల్ హాజరు రిజిస్టర్ల ఆమె నెలంతా ఉంటది, మీరు ఏజెన్సీకి నెలంతా బిల్లు ఇస్తరు, పీఎఫ్ ఆఫీసు కంప్యూటర్ల మాత్రం ఆమె సగం నెల ఇంట్ల కూసున్నది. ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే మనిషి మొత్తం వ్యవస్థల ఒక్కరే, ఆ ఒక్కరు మీ బిల్లు క్లర్కు. ఆయన చూడడు, ఎందుకంటే చూడమని మీరు చెప్పలేదు.

ఇంకొకటి జీతం కోత. ఇది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది. 2021 జూన్‌ల వచ్చిన జీవో 60 ప్రకారం అవుట్‌సోర్సింగ్ కింది కేటగిరీకి 15,600 చేసిన్రు. దాంట్ల వర్కర్ వాటా పీఎఫ్ 15,000 మీద లెక్కన 1,800, ఈఎస్ఐ 0.75 శాతం లెక్కన 117, ప్రొఫెషనల్ ట్యాక్స్ 150 పోతే చేతికి 13,533 రావాలె. కానీ నా దగ్గరికి వచ్చేటోళ్ల బ్యాంకు మెసేజ్ చూస్తే 11 వేలు, 11 వేల చిల్లర. ఆ తేడా ఎక్కడికి పోయింది అంటే ఎంప్లాయర్ కట్టాల్సిన పీఎఫ్ 1,800, ఇన్సూరెన్స్, అడ్మిన్ చార్జీలు కలిపి 150, ఈఎస్ఐ 3.25 శాతం అంటే 507, మొత్తం 2,457 కూడా వర్కర్ జీతంల నుంచే గుంజుతున్నరు. 13,533ల నుంచి 2,457 తీసేయండి, 11,076 వస్తది, సరిగ్గ ఆ మెసేజ్‌ల ఉన్నట్టే. ఎంప్లాయర్ వాటాను వర్కర్ జీతం నుంచి కొయ్యొద్దని పీఎఫ్ స్కీమ్‌ల ఉంది, ఈఎస్ఐ చట్టంల ఉంది, ఏ అగ్రిమెంట్‌ల వేరే రాసుకున్నా చెల్లదు. ఇట్ల రెండు వాటాలు కోసి, కోసినంక కూడా కట్టని ఏజెన్సీలు ఉన్నయి చూడండి, వాళ్లను ఏమనాలో మీరే చెప్పండి. చట్టం అయితే చెప్పింది, వర్కర్ జీతంల కోసిన వాటా కట్టకుండా వాడుకుంటే అది నమ్మకద్రోహం నేరం కిందికి వస్తది, ఇదివరకు ఐపీసీ 405ల ఉండె, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 316ల ఉంది.

పే స్లిప్ ఇస్తే ఈ కోత బయటపడతది, అందుకే ఇయ్యరు. పే స్లిప్ అడిగినోడిని సూపర్‌వైజర్ వేరే వార్డుకు మారుస్తడు.

ఒక నెల కట్టకపోతే ఏమైతది, తర్వాత కడతరు కదా అని మీరు అనుకోవచ్చు. ఏమైతదో చెప్తా. రెండు వాటాలు కలిపి నెలకు 3,600, ఏడాదికి 43,200, దాని మీద వడ్డీ. అది కనపడే నష్టం. కనపడంది పెన్షన్. 58 ఏండ్లకు పెన్షన్ రావాలంటే పదేండ్ల సర్వీసు ఉండాలె. మా దగ్గర ఈ పనుల్లకు వచ్చేది ఎవరు? ఇరవై ఏండ్ల పిల్లలు కాదు, పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు వలస పోయి పోయి నడుము పోయి ఊరికి తిరిగొచ్చినోళ్లు, భర్త చనిపోయినంక పనికి ఎక్కిన ఆడోళ్లు, ఎవుసం ఎత్తేసినోళ్లు, నలభై దాటినంక చేరినోళ్లు ఎక్కువ. 46 ఏండ్లకు చేరినామెకు 58 లోపు ఉండేది పన్నెండేండ్లు. మూడు ఏజెన్సీలు మారి ఒక్కొక్కటి ఒక ఏడాది ఎగ్గొడితే ఆమె సర్వీసు తొమ్మిదేండ్లకు వస్తది, ఇగ బతికినన్ని దినాలు పెన్షన్ లేదు, చేతుల ఇంత పెట్టి పంపిస్తరు. పదేండ్లు నిండితే 15,000 జీతానికి లెక్కన నెలకు దగ్గరదగ్గర 2,143 వచ్చేది. అది మీకు ఒక్కపూట హోటల్ బిల్లు కావొచ్చు, ఆమెకు అది బీపీ గోలీలు, గ్యాస్ బండ, కొడుకు దగ్గర చెయ్యి చాపకుండా ఉండే ధైర్యం.

రూలు ప్రకారం రావాల్సి ఉండి రాని కంట్రిబ్యూషన్ ఉన్న కాలం కూడా సర్వీసు కిందనే లెక్క, నిజమే. కానీ ఆ కాలంల పనిచేసినట్టు నిరూపించుకోవాలె. దేంతోని నిరూపించుకుంటది? హాజరు పట్టీ ఏజెన్సీ దగ్గర ఉంటది, ఆ ఏజెన్సీ బోర్డు తిప్పేసి ఉంటది. మీ రిజిస్టర్ కాపీ ఇయ్యమంటే మీ ఆఫీసుల "నువ్వు మా ఎంప్లాయ్ కాదు" అంటరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడు అన్నట్టు ఉంది.

మనిషి పోతే ఇంకా అన్యాయం. పీఎఫ్‌తోపాటు ఈడీఎల్ఐ అని ఇన్సూరెన్స్ ఉంటది, వర్కర్ ఒక్క రూపాయి కట్టాల్సిన పని లేదు, ఎంప్లాయర్ అర శాతం కడితే చాలు. ఏడాది సర్వీసు ఉండి కొలువుల ఉన్న కాలంల చనిపోతే కుటుంబానికి కనీసం రెండున్నర లక్షలు, జీతాన్ని బట్టి, ఖాతాల ఉన్న పైసలను బట్టి ఏడు లక్షల దాకా వస్తయి. భార్యకు విడో పెన్షన్ కూడా ఉంది, దానికి పదేండ్ల షరతు లేదు, ఒక్క నెల పెన్షన్ వాటా పడి ఉన్నా సర్వీసుల చనిపోతే వస్తది. ఒక ఫ్యాక్టరీల కాంట్రాక్ట్ కింద చేసిన మనిషి పొద్దుగాల డ్యూటీకి పోతూ హైవే మీద యాక్సిడెంట్ల పోయిండు. వాళ్ల తమ్ముడు పాస్‌బుక్ తీయించుకుందామని వచ్చిండు. అసలు యూఏఎన్ లేదు. రెండేండ్లు పనిచేసిండు, గేటు పాస్ ఉంది, హెల్మెట్ మీద కంపెనీ పేరు ఉంది, పీఎఫ్ ఆఫీసు లెక్కల ఆ మనిషి లేడు. కాంట్రాక్టర్ ఖర్చులకని కొంత చేతుల పెట్టి కాగితం మీద సంతకం చేయించుకున్నడట. అది చూసినంకనే ఈ లేఖ రాయాలె అని గట్టిగ అనిపించింది.

ఈఎస్ఐ సంగతి క్లుప్తంగ చెప్తా. 21,000 లోపు జీతం ఉన్నోళ్లందరికీ ఉండాలె. ఆరు నెలల కాలంల 78 రోజుల కంట్రిబ్యూషన్ పడితేనే జబ్బు సెలవుకు 70 శాతం జీతం వస్తది. ఏజెన్సీ ఎన్‌సీపీ ఆట ఈడ కూడా ఆడితే ఆ 78 నిండయి. కార్డు ఉంటది, సనత్‌నగర్ దాకా బస్సుల పోతరు, ఆడ కంప్యూటర్ల చూసి ఎలిజిబిలిటీ లేదంటరు. డయాలసిస్ పేషెంట్‌ను, కాన్పుకు దగ్గర పడ్డ ఆడపిల్లను అట్ల వెనక్కి పంపితే ఎట్లుంటదో మీరే ఊహించుకోండి. కొన్ని దగ్గర్ల ప్రమాదం అయినంక ఉరికి ఉరికి ఈఎస్ఐల పేరు ఎక్కిస్తరు, అది అందరికీ తెలిసిన ముచ్చటనే.

ఇప్పుడు ఏజెన్సీల మాట కూడా చెప్పాలె, లేకపోతే న్యాయం కాదు. చిన్న ఏజెన్సీ నడిపేటాయన ఒకరు నాతోని అన్నడు, "మూడు నాలుగు నెలలకు ఒకసారి బిల్లు వస్తది, అప్పటిదాకా జీతాలే అప్పు తెచ్చి ఇస్తున్న, పీఎఫ్ ఎక్కడి నుంచి కట్టాలె" అని. దాంట్ల నిజం ఉంది. టెండర్ల సర్వీస్ చార్జీ ఎవరు తక్కువ వేస్తే వాళ్లకే పని, సున్నా దగ్గర్ల కోట్ చేసినోడు ఏం తిని బతుకుతడు? వర్కర్ పైసలే తింటడు. ఆ రేటు చూసినప్పుడే మీకు తెలియాలె, ఇది నడిచే లెక్క కాదు అని. తెలిసీ ఎల్‌వన్, అంటే అందరికన్నా తక్కువ రేటు వేసినోడు అని సంతకం పెట్టినంక, ఆ తర్వాత బిల్లు నెలల తరబడి ఆపినంక, తప్పు మొత్తం ఏజెన్సీదే అనుడు కరెక్టు కాదు. అట్లని ఏజెన్సీకి మాఫీ కూడా లేదు, పీఎఫ్ చట్టానికి బిల్లు వచ్చిందా రాలేదా అనేది సంబంధం లేదు, నెల అయిపోయినంక 15వ తారీఖు లోపు కట్టాలె. ఆలస్యానికి 12 శాతం వడ్డీ, దాని మీద డ్యామేజీలు వేరే. విచారణ మొదలైతే ఆ నోటీసు ఏజెన్సీతోపాటు మీకూ రావొచ్చు, అప్పుడు ఇప్పుడు కట్టేదానికంటే ఎక్కువ కట్టాల్సి వస్తది, గవర్నమెంట్ ఆఫీసు అయితే అది జనం సొమ్మే.

"మాది గవర్నమెంట్ డిపార్ట్‌మెంట్, మాకు పీఎఫ్ చట్టం వర్తించదు" అనే మాట కూడా విన్న. మున్సిపాలిటీలను 2011లనే పీఎఫ్ చట్టం కిందికి తెచ్చిన్రు. 2020 జనవరిల పవన్ హన్స్ హెలికాప్టర్ కంపెనీ కేసుల సుప్రీంకోర్టు కాంట్రాక్ట్ ఉద్యోగులకు కూడా పీఎఫ్ ఇయ్యాల్సిందే అని చెప్పింది, అది గవర్నమెంట్ కంపెనీయే. "పీఎఫ్ రావాలంటే 20 మంది ఉండాలె, మా ఏజెన్సీల 18 మందే ఉన్నరు" అనేది ఇంకో సాకు. ఒకే గేటు లోపల నాలుగు పేర్ల మీద నాలుగు ఏజెన్సీలు పెట్టి ఒక్కొక్క దాంట్ల 18 మందిని చూపిస్తే చట్టం తప్పించుకున్నట్టు కాదు, కాంట్రాక్ట్ వర్కర్లను కూడా మీ సంస్థ లెక్కల కలిపే చూస్తరు.

ఇగ నేను అడిగేది ఏందో చెప్తా. పెద్ద పెద్దవి ఏం లేవు, పర్మినెంట్ చెయ్యమని ఈ లేఖల అడుగుతలేను, అది వేరే పోరాటం.

బిల్లు పాస్ చేసే ముందు అంతకుముందు నెల పీఎఫ్ చలానా, ఈఎస్ఐ చలానా, ఈసీఆర్ పేర్ల లిస్టు తెప్పించుకోండి. ఉత్త చలానా చాలదు, ఎందుకంటే ఒకే ఏజెన్సీకి హైదరాబాద్‌ల వంద మంది, మీ దగ్గర నలభై మంది ఉంటే హైదరాబాద్ చలానానే మీకు కూడా జిరాక్స్ చేసి ఇస్తరు. పేర్ల లిస్టు మీ హాజరు రిజిస్టర్‌తోని కలవాలె, రోజులు కలవాలె. చలానా నిజమైందా కాదా అనేది చూడనీకి పీఎఫ్ వెబ్‌సైట్‌ల ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ ఉంది, ఎవరికైనా తెరుసుకుంటది, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఏజెన్సీ కోడ్ కొడితే ఏ నెలకు ఎంత కట్టిన్రు, ఎంతమందికి కట్టిన్రు, ఏ తారీఖుల పడ్డయి అన్నీ కనిపిస్తయి. నేను చేసే పనే ఇది, ఐదు నిమిషాలు పట్టదు. ప్రిన్సిపల్ ఎంప్లాయర్లు తమ కాంట్రాక్టర్ల వివరాలు ఎక్కించి వాళ్లు కడుతున్నరా లేదా చూసుకునే సౌకర్యం కూడా పీఎఫ్ వాళ్ల పోర్టల్‌ల పెట్టిన్రు, మీల ఎంతమంది వాడుతున్నరో ఒకసారి మీ అకౌంట్స్ సెక్షన్‌ను అడగండి.

ఏజెన్సీ కట్టలేదు అని తేలితే వాళ్ల బిల్లుల నుంచి అంత పైసలు పట్టుకుని మీరే కట్టించండి. బిల్లు మొత్తం ఆపితే జీతాలు ఆగుతయి, మళ్ల దెబ్బ వర్కర్‌కే. కాబట్టి ఆపాల్సింది పీఎఫ్, ఈఎస్ఐ భాగం, సర్వీస్ చార్జీ, సెక్యూరిటీ డిపాజిట్. ఈ తేడా దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఏజెన్సీ మారేటప్పుడు చాలా జాగ్రత్త పడాలె, నా అనుభవంల సగం గొడవలు ఆడనే మొదలైతయి. పాత ఏజెన్సీ పోయేముందు ప్రతి వర్కర్‌కు ఎగ్జిట్ డేట్, అంటే ఆ ఏజెన్సీల పని ముగిసిన తారీఖు ఎక్కించిందా, బాకీలన్నీ కట్టిందా చూసి అప్పుడే డిపాజిట్ వాపస్ ఇయ్యండి. కొత్త ఏజెన్సీ పాత యూఏఎన్ మీదనే ఎక్కించాలె, కొత్త యూఏఎన్ తీయొద్దు. ఒక మనిషికి మూడు యూఏఎన్‌లు, మూడింట్ల మూడు తీర్ల పేరు, ఒకదాంట్ల ఇంటిపేరు ముందు, ఒకదాంట్ల వెనక, ఇంకోదాంట్ల తండ్రి పేరు జాగల భర్త పేరు, వీటిని కలపనీకి ఆ మనిషి ఎన్నిసార్లు కూలి పోగొట్టుకుని తిరగాలె చెప్పండి.

జీతం పడ్డ నాడు పే స్లిప్ ఇప్పియ్యండి, తెలుగుల. మీ ఆఫీసు నోటీసు బోర్డు మీద ఏజెన్సీ పేరు, పీఎఫ్ కోడ్, ఈఎస్ఐ కోడ్, ఆ నెల చలానా కాపీ అతికించండి. గవర్నమెంట్ ఆఫీసులల్ల ఎట్లాగూ ఆర్టీఐ కింద అడిగితే ఇయ్యాల్సిన కాగితాలే అవి, అడిగించుకునుడు ఎందుకు?

ప్రతి నెలా 27న పీఎఫ్ వాళ్లు "నిధి ఆప్‌కే నికట్" అని జిల్లాల్ల క్యాంపు పెడతరు, 2023 జనవరి నుంచి అన్ని జిల్లాలకు విస్తరించిన్రు. దానికి ఇప్పుడు పోయేది డ్యూటీ పోగొట్టుకుని వర్కర్లే. మీ అకౌంట్స్ మనిషిని, ఏజెన్సీ మనిషిని ఇద్దరినీ కూసోబెట్టి పంపండి, వర్కర్‌కు ఆ పూట డ్యూటీ కింద రాయండి. కలెక్టర్ గార్లకు ఒక విన్నపం, మీరు పెట్టే రివ్యూ మీటింగుల్ల ప్రతి డిపార్ట్‌మెంట్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి: మీ దగ్గర అవుట్‌సోర్సింగ్ ఎంతమంది, పోయిన నెల ఎంతమందికి పీఎఫ్ పడ్డది? రెండు అంకెలు, అంతే. అడుగుతరని తెలిస్తేనే సగం ఏజెన్సీలు దారికి వస్తయి.

ఈ లేఖ చదివే కాంట్రాక్ట్ అన్నలకు, అక్కలకు కూడా రెండు మాటలు. యూఏఎన్‌కు లింక్ అయిన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్స్, ఆఖరుగ పడ్డ పైసలు మెసేజ్ వస్తయి, ఖర్చు లేదు, నెలకొకసారి చేయండి. ఐడీ కార్డు, గేటు పాస్, బ్యాంకు మెసేజ్‌లు, డ్యూటీ చార్ట్ ఫొటోలు పారేయకండి, రేపు అవే సాక్ష్యం. కొత్త కోడ్‌ల విచారణ మొదలుపెట్టనీకి ఐదేండ్ల గడువు పెట్టిన్రు, చూద్దాంలే అనుకుంట కూసుంటే పాత బాకీలు పోతయి. ఫిర్యాదు ఒక్కరే పెడితే సూపర్‌వైజర్‌కు పేరు తెలుస్తదని భయం ఉంటది, పదిమంది కలిసి పెట్టండి, పీఎఫ్ ఆఫీసుకు ఇచ్చే కాగితంల ఏజెన్సీ పేరుతోపాటు మీరు పనిచేసే ఆఫీసు పేరు కూడా రాయండి, ప్రిన్సిపల్ ఎంప్లాయర్ అని.

తెలంగాణ కొట్లాటల నీళ్లు, నిధులు, నియామకాలు అని మనమందరం నినదించినం. ఆ మూడోదాంట్ల మా పిల్లలకు చాలామందికి దొరికింది ఈ ఏజెన్సీ కొలువే. దొరికిన కొలువుల చట్టం ఇయ్యమన్న పీఎఫ్ అయినా నికరంగ పడాలె కదా సార్.

ఈ నెల 15 దాటినంక మీ బిల్లు క్లర్క్‌ను పక్కన కూసోబెట్టుకుని మీ ఏజెన్సీ కోడ్ కొట్టి చూడండి. ఎంతమందికి పడ్డదో ఆ అంకె మీ హాజరు రిజిస్టర్ల అంకెతోని కలిస్తే బిల్లు మీద సంతకం పెట్టండి. కలవకపోతే ఆ తేడా ఏజెన్సీ బిల్లుల పట్టుకుని వర్కర్ల ఖాతాల వేయించండి.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు, నల్గొండ